అరవై ఐదు మజిలీల సాంబ్రాణి బాట

తెలుగునాట ఎండు కొండల మీద అందుగు చెట్టు కనిపిస్తుంది. బెరడుకు గాటు పెడితే కారే బంకను ఆరబెట్టి నిప్పుల మీద చల్లితే కమ్మని ధూపం లేస్తుంది. దాని దగ్గరి చుట్టం ఒకటి ఒమన్‌లోని ధోఫార్ కొండల వెనుక పెరుగుతుంది. ఆ చెట్టు బంకే అరబ్బు సాంబ్రాణి. మన బజారులో సాధారణంగా అమ్మే సుమత్రా సాంబ్రాణి వేరే చెట్టుది.

రోము, గ్రీసు, ఈజిప్టు గుళ్లలో ఈ ధూపం లేనిదే పూజ సాగేది కాదు. అందుకే సుమారు రెండు వేల ఏళ్ల కిందట యెమెన్ నుంచి మధ్యధరా తీరంలోని గాజా రేవు దాకా ఎడారి గుండా ఒంటెల బిడారులు నడిచేవి. తిమ్నా నగరం నుంచి గాజాకు 65 మజిలీలని రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 1వ శతాబ్దంలో లెక్క రాశాడు.

ఆయన లెక్కలు చదువుతుంటే దూరం కంటే సుంకాలే ఎక్కువ భయపెడతాయి. షబ్వా నగరంలోకి సాంబ్రాణి ఒకే ద్వారం గుండా రావాలి. సరుకుతో దారి తప్పితే మరణశిక్ష. అక్కడి పూజారులు దేవుడి పేరిట పదో వంతు కొలిచి తీసుకునేవారు. ఆ తర్వాత రాజుకు, కాపలావాళ్లకు, నీళ్లకు, మేతకు, బసకు చెల్లింపులే చెల్లింపులు. తీరం చేరేసరికి ఒక్కో ఒంటె మీద 688 దెనారీలు (రోమన్ వెండి నాణేలు) ఖర్చయ్యేవి. మేలు రకం సాంబ్రాణి రోమన్ పౌను, అంటే సుమారు 327 గ్రాములు, 6 దెనారీలు పలికేది. ఆ లెక్కన దాదాపు 37 కిలోల సరుకు ధర దారి ఖర్చులకే పోయేదన్నమాట!

ఉత్తరాన ఈ బాట నబతీయులనే అరబ్బు జాతి చేతిలో ఉండేది. పెట్రా వాళ్ల రాజధాని. వాళ్ల అసలు సంపద నీటి జాడ. మూతి ఇరుకుగా, లోపల విశాలంగా నేలలో తొట్లు తొలిచి, వాన నీటితో నింపి, మూసేసి, తమకే తెలిసే గుర్తులు పెట్టేవారని గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. శత్రువు వెంటబడినా దాహంతో వెనుదిరగాల్సిందే.

రోముకూ ఆ సంగతి అనుభవంలోకి వచ్చింది. క్రీ.పూ. 26 ప్రాంతంలో అగస్టస్ చక్రవర్తి సాంబ్రాణి దేశాన్ని దక్కించుకోవాలని ఏలియస్ గాలస్‌ను సుమారు 10,000 మంది సైన్యంతో పంపాడు. దారి చూపింది నబతీయ మంత్రి సిల్లేయస్. ఆరు నెలలు తిప్పలు పడి చేరుకున్న సైన్యం అక్కడి నగరాన్ని ముట్టడించినా, నీళ్లు లేక ముట్టడి వదిలేసి తిరుగుముఖం పట్టింది; వచ్చేటప్పుడు అదే దూరం అరవై రోజుల్లో దాటింది! యుద్ధంలో పోయింది ఏడుగురే, చనిపోయిన మిగతావాళ్లను జబ్బులు, ఆకలి, అలసట తిన్నాయని గాలస్ మిత్రుడు స్ట్రాబో రాశాడు. తప్పంతా సిల్లేయస్‌దేనని ఆయన ఆరోపణ. మిత్రుడిని కాపాడుకునే మాట కాబట్టి దాన్ని కొంత తగ్గించి నమ్మడమే మంచిది.

ఈ బాటను దెబ్బతీసింది కత్తి కాదు, గాలి. రుతుపవనాల అండతో ఓడలు ఎర్ర సముద్రం గుండా నేరుగా సరుకు మోయసాగాయి. ఆ తర్వాత క్రీ.శ. 106లో ట్రాజన్ చక్రవర్తి నబతీయ రాజ్యాన్ని రోములో కలిపేశాడు.

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఆ బాట మీది అవ్దాత్, మమ్షిత్ శిథిలాలను యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ధోఫార్‌లో మాత్రం బంక తీసే పని ఆగలేదు. చిన్న కత్తితో బెరడు గీకి వదిలేస్తారు. కారిన పాలు గడ్డకట్టాక మళ్లీ వస్తారు. తొలి గాటు బంక నాసిరకం. మంచి ముత్యాలు దొరకాలంటే అదే చోట ఇంకో గాటు పెట్టి, మరికొన్నాళ్లు ఆగాలి.