కోదండం నుంచి విద్యాహక్కు దాకా

పాతకాలపు వీధిబడిలో పిల్లవాడు చేసే తొలి తప్పు ఆలస్యంగా రావడం. దానికి శిక్ష లెక్క పక్కాగా ఉండేది. బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న మద్రాసుకు పంపిన నివేదికలో ఆ లెక్క ఉంది. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రాసిన క్యాంప్‌బెల్ ఇతనే. నేటి అనంతపురం ప్రాంతం, ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలోవే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. చదువు ఎక్కువగా తెలుగు, కన్నడాల్లో.

పొద్దున ఆరింటికే బడి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివాడికీ ఒకటి చొప్పున ఎక్కువ. బడికి సగటున పన్నెండు, పదముగ్గురే కాబట్టి ఆఖరివాడికి పది పదకొండుతో సరిపోయేది!

చదవని సోమరికి బెత్తం దెబ్బలు, అదీ చాలకపోతే కోదండం: రెండు చేతులూ కట్టి, పైకప్పుకు కప్పీతో వేలాడదీయడం. మరో శిక్ష గుంజీలు. అది చాలా బాధాకరమంటూనే, ఒంటికి మంచిదేమో అని కూడా క్యాంప్‌బెల్ రాశాడు. గుంజీలు తీసినవాళ్లెవరూ ఈ మాట ఒప్పుకోరు.

పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించే పద్ధతిని మాత్రం అతను మెచ్చుకున్నాడు. మద్రాసు అనాథ బాలుర శరణాలయంలో ఆండ్రూ బెల్ అలాంటి పద్ధతినే నడిపి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ నడిపిన ఇలాంటి పద్ధతే 1806లో న్యూయార్క్ ఉచిత బడికి చేరింది. లాంకాస్టర్ బెత్తం వద్దన్నాడు గానీ, అల్లరి పిల్లల మెడకు కొయ్యదుంగ తగిలించేవాడు, బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీయించేవాడు. కోదండానికి ఇది మరీ దూరమేమీ కాదు.

అంతకు చాలా ముందు అమెరికా కాలేజీల్లో పెద్దవాళ్లకూ దెబ్బలు తప్పలేదు. 1674లో హార్వర్డ్‌లో దైవదూషణ చేసిన విద్యార్థిని గ్రంథాలయంలో అందరి ఎదుటా కొరడాతో కొట్టించారు. దానికి ముందూ వెనకా ప్రార్థన చేసింది సాక్షాత్తూ కాలేజీ అధ్యక్షుడే. తరవాతి శతాబ్దంలో కొట్టడం తగ్గి జరిమానాలు పెరిగాయి. ఆ సొమ్ము కట్టేది తండ్రి కాబట్టి కొడుకు బుద్ధి మారే అవకాశం తక్కువ.

మన బడుల్లో బెత్తానికి చట్టం అడ్డుపడింది చాలా ఆలస్యంగా. 2002 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1966 నాటి విద్యా నియమావళిలోని 122వ నియమాన్ని మార్చి, అంతవరకు ఉన్న కొట్టే అనుమతిని తీసేసింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ఏ ఊరి బడిలోనైనా ఇవాళ పిల్లవాణ్ని కొట్టిన టీచరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు.