మారిషస్ పలుకు

మారిషస్ ద్వీపమున దిగిన బాటసారికి అడుగడుగున వినవచ్చునది క్రియోలు. నీరు ‘దిలో’, ఇల్లు ‘లకాజ్’, చంద్రుడు ‘లలీన్’. ఫ్రెంచి నేర్చినవారికి ఇది వినగానే నవ్వు వచ్చును. ఫ్రెంచిలో నామమునకు ముందు విడిగా నుండు చిన్నమాట ఇచట నామములో కలిసిపోయినది గదా!

అయినను ఇది చెడిన ఫ్రెంచి కాదు. దీని వ్యాకరణము దీనికి కలదు. ‘మో తి మాంజె’ యనగా తింటిని; ‘మో పె మాంజె’ యనగా తినుచున్నాను; ‘మో పు మాంజె’ యనగా తినెదను. క్రియ మారదు, దాని ముందరి పలుకే కాలమును తెలుపును. ‘లి’ యనిన వాడు, ఆమె, అది మూడును. ఈ గురుతులు పట్టుకొనినచో గలగలమను సంభాషణ మెల్లమెల్లగా విడివడును.

ఈ భాష 18వ శతాబ్దమున ఫ్రెంచివారి యేలుబడిలో, ఆఫ్రికా, మడగాస్కరులనుండి కొనితేబడిన బానిసల నోట రూపుగొన్నది. 1835లో బానిసత్వము రద్దయినది. చెరకు తోటల పనికి మన కోరంగి రేవునుండియు కూలీలు ఓడలెక్కిరి. అందుచేతనే అచటి తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది. తోటలో పదిజాతుల వారితో మెలగుటకు వారికి ఈ పలుకే దిక్కయినది. నేడు వారి సంతతిలో పెక్కుమంది ఇంటిలో మాటాడునదియు నిదియే.

కావున అచట తెలుగు రాని తెలుగువాడు కనబడినచో జాలిపడి ఊరకుండరాదు. అతని మాట నాలకింపవలెను. తాతల చెమట తెలుగులో కాక క్రియోలులో నిలిచియుండవచ్చును. 2012లో ఈ భాష ప్రాథమిక పాఠశాలలలో పాఠ్యాంశమైనది. గ్రామ్యమను నిందను వాడుక భాషపైనుండి తొలగించుటకు గిడుగువారు పడిన పాట్లెరిగిన మనము, మరియొకరి వాడుక పలుకును చూచి నవ్వదగునా?