ముక్కు తెరచుకుంటేనే ముద్ద దిగేది
జలుబు చేసిన పిల్లికూనకు ఆహారం తినిపించడంలో జాగ్రత్తలు

వానలు మొదలైతే వీధి పిల్లికూనలకు జలుబు కాలం వచ్చినట్లే. వరుస తుమ్ములు, కళ్లలో పుసి, ముక్కు రంధ్రాల వద్ద ఎండి అట్టకట్టిన చీమిడితో గోడ పక్కన ముడుచుకుని కూర్చున్న కూనను జాలిపడి ఇంటికి తెచ్చుకునేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. తెచ్చినవారు మొదట మందు కోసం వెదకుతారు. ముందు పెట్టిన గిన్నె అలాగే ఉండిపోయిన సంగతిని మరునాటికి గాని పట్టించుకోరు. జబ్బు తగ్గితే అదే తింటుందిలే అని సరిపెట్టుకుంటారు. పొరపాటు ఇక్కడే జరుగుతోంది. పిల్లుల జలుబు చాలావరకు వారం, పది రోజులలో తగ్గుముఖం పట్టే జబ్బు. అరకిలో బరువైనా లేని కూన మాత్రం ఒక పూర్తి రోజు తిండి లేకుండా తట్టుకోవడం కష్టం. దాని కాలేయంలో నిల్వ ఉండే చక్కెర కొన్ని గంటలలోనే ఖర్చవుతుంది. ఆ తరువాత ఒళ్లు చల్లబడుతుంది. నీరసంతో తల వాలిపోతుంది. జలుబుతో కాక ఆకలితో ప్రాణం పోతుంది.

వాసన తెలియకే విముఖత

పిల్లులలో ఈ తరహా జలుబుకు ప్రధాన కారణం రెండు వైరస్‌లు. ఒకటి పిల్లులకు సోకే హెర్పిస్ వైరస్, రెండవది క్యాలిసీ వైరస్. వీటికి తోడు కొన్ని రకాల బ్యాక్టీరియా చేరినప్పుడు నీళ్లలా కారే చీమిడి పసుపుపచ్చగా, చిక్కగా మారుతుంది. ఈ రెండు వైరస్‌లూ మనుషులకు అంటవు. కుక్కలకు పిల్లుల హెర్పిస్ సోకదు.

పిల్లి తిండిని రుచి కన్నా ముందు వాసనతోనే గుర్తిస్తుంది. ముక్కు మూసుకుపోయిన కూనకు ఎదురుగా ఉన్నది చేపముక్కో, చెక్కముక్కో తెలియదు. దగ్గరకు వెళ్లి, ఒకటి రెండుసార్లు మూతి ఆనించి వెనుదిరుగుతుంది. ఆశ చూపుదామని పాలలో పంచదారో, బెల్లమో కలిపేవారు ఉన్నారు. పిల్లి నాలుకకు తీపిని గుర్తించే శక్తి లేదు గనుక ఆ ప్రయత్నం వృథా.

క్యాలిసీ వైరస్ సోకిన కూనల సంగతి వేరు. వీటికి నాలుక మీద, అంగిట్లో పుండ్లు పడతాయి. ఆకలితో గిన్నె వద్దకు పరుగున వస్తాయి. ఒక ముద్ద నోట పెట్టగానే అరచి వెనక్కు తగ్గుతాయి. నోటి వెంట చొంగ కారుతుంటుంది. వాసన చూసి పోయే కూనకు, నోట పెట్టి ఏడ్చే కూనకు ఉన్న ఈ భేదాన్ని ఇంటివారు గమనించి పశువైద్యునికి చెప్పగలిగితే చికిత్సకు ఎంతో ఉపయోగం. రెండవ దానికి కావలసింది నొప్పి తగ్గించే మందు. అది వైద్యుడు ఇవ్వవలసినదే.

ముందు వెచ్చదనం, తరువాత ముక్కు

ఒళ్లు చల్లబడిన కూనకు ఆహారం పెట్టరాదు. ఇది చాలామందికి తెలియని విషయం. శరీరం చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది. లోపలికి పోయిన ఆహారం అరగక అలాగే నిలిచి, తిరిగి పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి చేరే ప్రమాదం ఉంది. చెవులు, పాదాలు తాకి చూస్తే చల్లగా తగిలితే ముందు వెచ్చబరచాలి. గోరువెచ్చని నీటి సీసాకు తువ్వాలు చుట్టి అట్టపెట్టెలో ఒక మూల ఉంచితే చాలు. రెండవ సగం ఖాళీగా వదలాలి. వేడి ఎక్కువైతే కూన అటు జరుగుతుంది. పిల్లి శరీర ఉష్ణోగ్రత సహజంగానే 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. మన చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం వచ్చినట్లు కాదు.

వెచ్చబడిన తరువాత ముక్కు సంగతి చూడాలి. మందుల దుకాణాలలో దొరికే సెలైన్ నీటిని, అనగా పసిపిల్లల ముక్కులో వేసే మందు కలపని ఉప్పునీటి చుక్కలను వాడవచ్చు. దూదిని అందులో తడిపి అట్టకట్టిన చీమిడిపై కొద్దిసేపు ఆనించి ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు తుడవాలి. గట్టిగా పీకితే చర్మం చిట్లి, మరుసటిసారి దగ్గరకు రానివ్వదు. కళ్లు తుడిచేటప్పుడు ఒక్కో కంటికి వేరు వేరు దూది వాడాలి. పెద్దలు వాడే ముక్కుదిబ్బడ చుక్కలు మాత్రం పిల్లులకు వేయరాదు.

ఆవిరి కూడా మంచిదే. అయితే మనుషులకు పట్టినట్లు దుప్పటి కప్పి పట్టకూడదు. స్నానాల గదిలో బకెట్టు వేడినీరు ఉంచి, తలుపు మూసి, బుట్టలో ఉన్న కూనతో 10 నుంచి 15 నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది. బకెట్టు కూనకు అందనంత దూరంలో ఉండాలి. ఆ నీటిలో నీలగిరి తైలం, కర్పూరం, జలుబు లేపనాలు వేయడం మన ఇళ్లలో అలవాటు. పిల్లుల విషయంలో అవి విషతుల్యం. సాంబ్రాణి ధూపం, దోమల చుట్టల పొగ సైతం ఆ గదిలోకి రానీయరాదు. ఆవిరి పట్టి, ముక్కు తుడిచిన వెంటనే గిన్నె ముందు పెట్టాలి. గంట గడిస్తే ముక్కు మళ్లీ బిగుసుకుపోవచ్చు.

ఏది పెట్టాలి?

పాలు తాగడం పిల్లికి పుట్టుకతో వచ్చిన విద్య అని లోకం నమ్మకం. సామెతలు కూడా అలాగే పుట్టాయి. తల్లిపాలు మరచిన కూనలలో చాలావాటికి ఆవు, గేదె పాలలోని చక్కెర అరగదు. విరేచనాలు పట్టుకుంటే జలుబు వల్ల ముందే తగ్గిన ఒంటినీరు మరింత తగ్గుతుంది. పెరుగన్నం పెట్టి సరిపెట్టడం కూడా చాలదు. పిల్లి పూర్తిగా మాంసాహారి. దానికి కావలసిన టారిన్ వంటి పోషకాలు అన్నంలో లేవు.

ఎముక తీసిన కోడిమాంసం గాని, ముళ్లు పూర్తిగా తీసిన చేప గాని ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ఆ నీటితోనే మెత్తగా నూరి పెట్టడం మేలు. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనూ తగలకూడదు. అవి పిల్లుల రక్తకణాలను ధ్వంసం చేస్తాయి. కూరలోని ముక్కను కడిగి పెట్టడం కూడా ఈ కారణంగానే ప్రమాదకరం. ఘాటైన వాసన గల నెత్తళ్ల వంటి చిన్నచేపలు జలుబు కూనలకు బాగా పనికివస్తాయి. ఎండుచేపలో ఉప్పు అధికం గనుక వద్దు. ఇంట్లో మాంసం వండని కుటుంబాల వారు పిల్లికూనల కోసమే తయారైన తడి ఆహారం ప్యాకెట్లను కొనుక్కోవచ్చు. ఇప్పుడు చిన్న పట్టణాలలోనూ అవి దొరుకుతున్నాయి. నాలుగు వారాలు నిండని కూనలకు మాత్రం ఇవేవీ పనికిరావు. పిల్లికూనల కోసం తయారైన పాలపొడిని వైద్యుని సలహాతో కలిపి పట్టాలి.

ఆహారం ఏదైనా శరీరమంత వెచ్చగా, అంటే సుమారు 38 డిగ్రీల వద్ద ఉండాలి. వేడికి వాసన పైకి లేస్తుంది. ఫ్రిజ్‌లో నుంచి తీసిన ముక్కకు వాసన ఉండదు. లోతు గిన్నెకు బదులు పళ్లెంలో పలుచగా పరచాలి. అప్పటికీ ముట్టకపోతే వేలికి రవ్వంత తీసుకుని పెదవికో, ముందరి పాదానికో రాయాలి. నాకి శుభ్రం చేసుకోవడం పిల్లి స్వభావం. ఆ నాకుడుతో రుచి తగిలి తినడం మొదలుపెట్టిన కూనలు ఎన్నో. అరగంటలో తినని ఆహారాన్ని తీసివేయాలి. రోజంతా ముక్కు ముందే ఉంచితే ఆ ఆహారం మీదే ఏవగింపు పుడుతుంది. అందులో చేదు మందు కలిపితే ఇక చెప్పనక్కరలేదు.

సిరంజి వాడేటప్పుడు

స్వయంగా తిననప్పుడు సూది తీసిన సిరంజితో పట్టవచ్చు. కూన నాలుగు కాళ్లపై సహజంగా కూర్చుని ఉండాలి. చంటిబిడ్డను పట్టుకున్నట్లు వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఆహారం శ్వాసనాళంలోకి పోతుంది. ఊపిరితిత్తుల వాపుతో మరణించే కూనలలో ఇలా ప్రేమతో పోసినందువల్ల పోయేవి తక్కువేమీ కావు. సిరంజి మొనను నోటి మూల నుంచి, కోరపంటి వెనుక ఖాళీలో ఉంచి ఒకసారికి అర మిల్లీలీటరు మాత్రమే వదలాలి. మింగిన తరువాతే మరో అర మిల్లీలీటరు. దగ్గు వచ్చినా, ముక్కు నుంచి ఆహారం బయటకు వచ్చినా వెంటనే ఆపాలి. మింగలేనంత నీరసంగా ఉన్న కూనకు నోటి ద్వారా ఏదీ పట్టరాదు. అటువంటి కూన చిగుళ్లకు ఒక చుక్క గ్లూకోజు నీరు పూసి ఆసుపత్రికి తరలించాలి.

ఎంత పెట్టాలన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. అరకిలో కూనకు రోజుకు సుమారు 100 క్యాలరీలు అవసరం. ఉడికించిన కోడిమాంసం అయితే ఇది దాదాపు 60 గ్రాములు. దాని పొట్టలో ఒక విడతకు 20 మిల్లీలీటర్లకు మించి పట్టదు. అందువల్ల రోజుకు ఐదారు విడతలు తప్పవు. పస్తుతో ఉన్న కూనకు మొదటి రోజు ఇందులో మూడోవంతుతో ఆరంభించి, రెండు మూడు రోజులలో పెంచుతూ పోవాలి. ఒక్కసారిగా నింపితే వాంతి చేసుకుంటుంది. కోడిమాంసం ఒక్కటే నెలల తరబడి పెడితే ఎముకలకు కావలసిన సున్నం అందదు గనుక ఇది జబ్బు రోజులకే పరిమితం.

తిన్నదీ లేనిదీ తేల్చేది తూకమే. వంటింటి త్రాసుపై ప్రతిరోజూ ఒకే వేళకు తూచి గోడపై రాసుకోవాలి. ఆరోగ్యంగా ఎదిగే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. జబ్బులో పెరగకపోయినా ఫరవాలేదు, తగ్గరాదు.

ఇంట్లోని బిళ్ల ప్రాణం తీస్తుంది

జ్వరం అనుకుని పారాసెటమాల్ వేయడం అన్నిటికన్నా ఘోరమైన పొరపాటు. ఆ మందును విరిచివేయగల జీవరసాయనం పిల్లుల కాలేయంలో తగినంత లేదు. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల మోతాదులోనే పిల్లులు విషప్రభావానికి లోనైన సందర్భాలు నమోదయ్యాయి. అరకిలో కూనకు ఆ లెక్కన 5 మిల్లీగ్రాములు. ఇంట్లో ఉండే 500 మిల్లీగ్రాముల బిళ్లలో పావు ముక్క దానికి 25 రెట్లు. చిగుళ్లు గోధుమ రంగుకు మారడం, ముఖం, పాదాలు వాయడం విష లక్షణాలు. పిల్లల సిరప్ కూడా అదే మందు. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా వైద్యునికి చెప్పాలి. సమయానికి వస్తే దీనికి విరుగుడు ఉంది.

ఎప్పుడు తీసుకువెళ్లాలి?

రెండు నెలలలోపు కూన 12 గంటలు, అంతకు పెద్దది 24 గంటలు ఏమీ తినకపోతే పశువైద్యుని చూపించక తప్పదు. నోరు తెరచి శ్వాస తీసుకుంటున్నా, చిగుళ్లు పాలిపోయినా, నీలిబారినా ఒక్క గంట కూడా ఆగరాదు. కన్ను తెరవలేకపోవడం హెర్పిస్ వల్ల నల్లగుడ్డుపై పుండు పడినందుకు సూచన కావచ్చు. చర్మం కింద సెలైన్ ఎక్కించడం, ఆకలి పుట్టించే మందు, బ్యాక్టీరియా చేరితే యాంటీబయాటిక్, అవసరమైతే గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం వైద్యుని చేతిలో ఉన్న మార్గాలు. డాక్సీసైక్లిన్ బిళ్ల రాసి ఇస్తే, మింగించిన తరువాత తప్పక కొంత నీరు గాని, మెత్తని ఆహారం గాని పట్టాలి. అది గొంతులో నిలిచిపోతే అన్నవాహిక పుండుపడి ఇరుకవుతుంది. కొన్ని మండల పశువైద్యశాలలు ప్రధానంగా పాడిపశువుల కోసమే నడుస్తున్నందున పిల్లులకు తగిన మందులు అందుబాటులో ఉండకపోవచ్చు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల ఆసుపత్రులను ఆశ్రయించవచ్చు.

జబ్బు కూనను ఇంట్లోని ఇతర పిల్లులకు దూరంగా వేరే గదిలో ఉంచాలి. క్యాలిసీ వైరస్ గిన్నెలు, గుడ్డలపై వారాల తరబడి జీవించి ఉంటుంది. ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీరు కలిపి గిన్నెలు కడిగి, మంచినీటితో తొలిచి ఆరబెట్టాలి. తినిపించేటప్పుడు వీధికూన కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో పారేనీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా కోసం చూపించుకోవాలి. కూన చిన్నదన్న అలక్ష్యం తగదు.

హెర్పిస్ సోకిన పిల్లిలో ఆ వైరస్ జీవితాంతం అణగి ఉండి, ఇల్లు మారినప్పుడో, కొత్త జంతువు వచ్చినప్పుడో మళ్లీ తుమ్ములుగా బయటపడుతుంది. కోలుకున్న కూనకు వైద్యుని సలహాతో టీకాలు వేయించాలి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేవరకు వేస్తారు.