సారథికి సత్ప్రవర్తన పత్రము

లారీ నడుపదలచినవానినుండి చట్టము కోరునది లైసెన్సు. భివండి గోదాముల ద్వారముకడ వానినుండి కోరునది పోలీసువారి సత్ప్రవర్తన పత్రము. ఈ రెంటికినిగల వ్యత్యాసమువలన కూడు పోగొట్టుకొనువారిని గూర్చి రాజధానియందలి మన విద్యావంతులు యోచింపవలసియున్నది. ఏలయన, ఆ ద్వారమున కావలివాడు చూపు నిబంధనను వ్రాసినది వాడు కాదు. కంపెనీల ఒప్పందపత్రములను సిద్ధపరచు వకీళ్ళు వ్రాసినది.

ఠాణా జిల్లాలోని భివండి తెలుగువారికి పరాయిచోటు కాదు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి పద్మశాలీలు తరతరములుగా అచ్చటికి వలసపోయి సాంచాలపై బ్రతుకుచున్నారు. పద్మానగరమను పేటలో నేటికిని తెలుగుమాట వినబడును. నగదుకూలిపై నడచు ఆ పరిశ్రమను 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దును, 2017 జులైలో వస్తుసేవల పన్నును వెంటవెంటనే దెబ్బతీసినవి. పలు సాంచాలు పాత ఇనుముక్రింద అమ్ముడుపోయినవి. అదే తాలూకాలో మాన్‌కోలి, కాల్హేర్, రహనాల్, పూర్ణా గ్రామముల పొలములలో గోదాములు లేచినవి. నాసిక్ రాజమార్గము ప్రక్కనే యుండుటయు, ముంబయి పొలిమేర దాటువరకు సరుకుపై ఆక్ట్రాయి చెల్లింపనక్కర లేకుండుటయు అందులకు కారణములు. ఆ సుంకము 2017 తో ముగిసినను గోదాములు నిలిచినవి. సాంచా విడిచిన యువకునకు కంటియెదుట కనబడు పని లారీయే.

ఆ పనికి 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించిన అర్హతలు స్వల్పములు. ఇరువదియేండ్ల వయస్సు, ఒక సంవత్సరము చిన్నబండి లైసెన్సు, వైద్యుని పత్రము, శిక్షణ. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నియమమును 2019 లో తొలగించిరి. సరుకుతో కలిపి 7500 కిలోలకు మించని రవాణాబండిని సాధారణపు లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. వీనిలో నడవడిపత్రము మాట లేదు.

నేరచరిత్రను చట్టము పట్టించుకొనలేదని కాదు. 19వ సెక్షను ప్రకారము అలవాటుపడిన నేరగాని, త్రాగుబోతును, పోలీసులు వారంటులేక పట్టదగిన నేరమునకు బండిని వాడినవానిని లైసెన్సునకు అనర్హునిగా చేయు అధికారము లైసెన్సు అధికారికి కలదు. ఈ 'అలవాటుపడిన నేరగాడు' అను మాట విన్నప్పుడు తెలుగువారికి స్టూవర్టుపురము జ్ఞప్తికి రాకమానదు. పుట్టుకనుబట్టియే నేరస్థుల నేర్పరచిన 1871 నాటి చట్టపు సంతతి 1952 లో గాని రద్దు కాలేదు. ఐనను ఈ సెక్షనులో ఒక మర్యాద యున్నది. ఆ మనిషి చెప్పుకొనునది వినవలయును. కారణములు వ్రాతమూలముగా నుండవలయును. ముప్పదిదినములలో అప్పీలు చేసికొనవచ్చును. గోదాము ద్వారమున ఈ మూడును లేవు. కాగితముపై కేసు కనబడిన వెంటనే శిక్ష అమలగుచున్నది. దానికి గడువును లేదు.

ఆ కాగితములో నుండునది యేమి? తీర్పు వెలువడిన కేసులే గాక విచారణలోనున్నవియు పేర్కొనుట కలదు. భివండిలో కేసునందు పేరెక్కుట యెంత సులభమో 1970 మే నెల అల్లర్లే చెప్పగలవు. వానిని విచారించిన జస్టిస్ మాడన్ కమిషను, పోలీసు దర్యాప్తు పక్షపాతముతో సాగినదని తీవ్రముగా నిందించినది. 1984 లో ఆ పట్టణము మరల తగులబడినది. ఇక సాంచాషెడ్డుల విద్యుచ్చౌర్యపు కేసులు, పేటలోని కొట్లాటలు, లారీవానికి వృత్తితోనే అంటుకొను ప్రమాదపు కేసులు వేరు. కోర్టు చుట్టు తిరిగి నిర్దోషియై వచ్చువాడు అన్నియేండ్లును దోషివలెనే ద్వారముకడ నిలువవలెనా?

యజమానుల భయము నిరాధారమని మేము చెప్పము. లక్షల విలువగల సరుకును రాత్రివేళ ఒక్కని చేతిలో పెట్టి పంపువాడు వాని పూర్వమును విచారించుట సహజము. దారిలో సరుకమ్ముకొని శిక్షపడినవానిని, త్రాగి నడపి శిక్షపడినవానిని నిరాకరించుటకు కారణము కలదు. నిర్లక్ష్యముగా నడపి ప్రాణము తీసిన డ్రైవరునకు ప్రొబేషను సాధారణముగా నొసగరాదని 2000 సంవత్సరమున దల్బీర్ సింగు కేసులో సుప్రీంకోర్టే చెప్పియున్నది. ఎన్నడో వీధిలో కొట్లాడి జుల్మానా చెల్లించినవాని స్థితియు అదియేనా? అట్టివాడు త్రోసివేయబడినంతమాత్రమున బండి నడుపుట మానడు. లైసెన్సు జేబులోనే యున్నది గదా! పత్రమడుగని మరియొక యజమానికడ బదిలీ డ్రైవరుగా, ప్రావిడెంటుఫండు లేక, అధికభారపు బండిని నిద్రలేని కన్నులతో నడుపుటకు ఒప్పుకొనవలసివచ్చును. రహదారికి దీనివలన కలుగు క్షేమమేమో మాకు బోధపడకున్నది.

ఇంగ్లండులో 1974 నుండియు, నిర్ణీతకాలము గడచిన శిక్షలను చాలవరకు చెప్పనక్కరలేకుండ చట్టము కలదు. మనకు అట్టి సామాన్యశాసనము లేదు. 1958 నాటి ప్రొబేషను చట్టపు 12వ సెక్షను, 2015 నాటి బాలనేరస్థుల చట్టపు 24వ సెక్షను కొందరిని అనర్హతనుండి కాపాడును. కాని ఆ రక్షణ కలదని ద్వారముకడ చెప్పువా డెవ్వడు? హైదరాబాదులో చంచల్‌గూడ జైలువారి పెట్రోలుబంకున ఖైదీలచేత పని చేయించినారు. ఖైదీచేతి డీజిలు లారీకి పనికివచ్చినది. శిక్ష ముగించుకొని వచ్చినవాని చేయి చక్రమునకు పనికిరాదట!

శాసనము వచ్చువరకు వేచియుండనక్కరలేదు. 'ఏ క్రిమినలు కేసును లేనివాడు' అను నిబంధనకు మారుగా, 'గడచిన ఐదేండ్లలో సరుకు దొంగతనమునకో, ప్రమాదకరమైన డ్రైవింగునకో, త్రాగి నడపినందులకో శిక్ష పడనివాడు' అని ఒప్పందములో వ్రాయుటకు మన న్యాయసలహాదారులకు ఒక్క పూట చాలును. నిరాకరించునప్పుడు కారణమును కాగితముపై నిచ్చి, పదునైదు దినములలో సమాధానము చెప్పుకొననీయవలయును. నిర్దోషిగా విడుదలయైన డ్రైవరు తీర్పునకు ధ్రువీకృత ప్రతిని కోర్టునుండి తీసికొని పోలీసువారి రికార్డు సరిచేయించుకొనవలయును. ఆ దరఖాస్తు మరాఠీలో నుండును, వాని చదువు తరచు తెలుగుబడితో ఆగియుండును. ఠాణా కోర్టులందు పనిచేయు తెలుగు వకీళ్ళు వారమున కొక సాయంకాలము పద్మానగరములో కూర్చుండి ఆ దరఖాస్తులు వ్రాసిపెట్టవచ్చును.