పటం విప్పే నేర్పు

పూర్వపు కరీంనగర్ జిల్లా పల్లెలలో పటం కథ చూచినవారికి ఒక విశేషం స్ఫురిస్తుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారు పొడవైన బొమ్మల పటాన్ని ఒక్కమారుగా పరచి చూపరు. చెబుతున్న ఘట్టానికి చెందిన గడి వరకే విప్పుతారు. తక్కినది చుట్టలోనే ఉంటుంది. ఏది చూపాలో తెలియడం ఒక విద్య. ఎంతవరకు చూపాలో తెలియడం మరొక విద్య.

ఈ రెండవ విద్య నేటి ఉపాధ్యాయునికి కూడా అవసరమైనది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుండి, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలకు దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు అందినవి. ఆ రోజులలోనే గూగుల్ మీట్, జూమ్ వంటి సాధనాలు కూడా మన బడులకు పరిచయమైనవి. ఆదిలాబాద్ ప్రాంతపు ఉట్నూరులోని ఉపాధ్యాయుడు తన కంప్యూటరు తెరను కరీంనగర్‌లోని మిత్రునికి కూర్చున్నచోటి నుండే చూపగలుగుతున్నాడు. దీనినే స్క్రీన్ షేరింగ్ అంటున్నాము.

ఇందుకు వేరొక సాధనం అక్కరలేదు, బ్రౌజరే చాలును. క్రోమ్ వంటి బ్రౌజరు మనకు మూడు మార్గాలు చూపుతుంది: ఒక్క ట్యాబు, ఒక్క విండో, లేదా తెర మొత్తం. ఇక్కడ బ్రౌజరు పాటించే మర్యాద గమనింపదగినది. కెమెరాకు, మైకుకు ఒకసారి ఇచ్చిన అనుమతిని అది జ్ఞాపకం ఉంచుకోగలదు. తెర విషయంలో మాత్రం ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది. ఏది చూపాలన్న ఎంపిక వెబ్‌సైటుది కాదు, మనది.

ఇంత కట్టడి ఎందుకు? సాధారణంగా ఒక వెబ్‌సైటు మరొక వెబ్‌సైటులోని మన ఉత్తరాలను గాని, బ్యాంకు ఖాతాను గాని చదువలేదు. బ్రౌజరు వాటి మధ్య గోడ కట్టింది. తెర మొత్తం పంచుకోవడమంటే ఆ గోడకు కిటికీ తెరవడమే. తెరపైకి వచ్చిన ప్రతి అక్షరమూ చిత్రమై అవతలికి చేరుతుంది.

అయితే బ్రౌజరు వాకిట నిలిచిన కావలివాడు మాత్రమే. లోపల ఏది గుట్టో అతడెరుగడు. పద్యం చూపదలచి తెర మొత్తం పంచిన ఉపాధ్యాయుని పక్క విండోలో మార్కుల పట్టిక ఉండవచ్చు. గణితంలో తప్పిన బాలిక పేరు, ఆమె తండ్రి ఫోను నంబరు, ఆధార్ అంకెలు తరగతి అందరి కంట పడవచ్చు. క్షణంలో మూసివేసినా, ఆలోగా ఎవరైనా ఫోటో తీయవచ్చు. ఆ బాలిక మరునాడు బడికి రావడానికి సంకోచిస్తే ఆ నష్టాన్ని ఏ యంత్రం పూడ్చగలదు?

బడి వెలుపల ప్రమాదం ఇంకను పెద్దది. బ్యాంకు అధికారినని నమ్మించి, ఎనీడెస్క్ వంటి సాధనాన్ని ఫోనులోకి దింపించి డబ్బు కాజేసే మోసాన్ని గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అటువంటి సాధనాలు చూపును మాత్రమే గాక, ఫోనుపై పెత్తనాన్ని కూడా పరులకు అప్పగించగలవు. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ హక్కు పెద్దలకే కాదు, మన బల్లల మీద కూర్చున్న పిల్లలకు కూడా ఉన్నది. అది న్యాయస్థానంలో కంటె ముందుగా తరగతి గదిలో నిలబడాలి.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులు పాఠానికి కావలసిన ట్యాబును మాత్రమే పంచడం అలవాటు చేసుకోవాలి. విధిలేక తెర మొత్తం చూపవలసివస్తే, మార్కుల పట్టికలను, సొంత ఉత్తరాలను ముందుగా మూసివేయాలి. సందేశాల సూచనలను ఆపివేయాలి. పాఠం ముగియగానే పంచడం ఆగినదో లేదో చూచుకోవాలి. ముఖపరిచయం లేనివారు ఫోనులో అడిగితే తెరను ఎన్నడూ చూపరాదు.

విద్యార్థులకూ ఇందులో భాగమున్నది. పొరపాటున కంటబడిన పరుల గుట్టును ఫోటో తీసి పదిమందికి పంపడం చదువుకున్నవారి లక్షణం కాదు. "సార్, మార్కుల పట్టిక కనబడుతున్నది" అని వెంటనే చెప్పే పిల్లవాడు తోటివారి పరువును కాపాడినవాడవుతాడు.