బెజవాడలో క్వాంట్ మాస్టారు దొరకడం ఎందుకంత కష్టం?

2017 ఎండాకాలంలో నేను విజయవాడలో లెక్కల మాస్టారి కోసం నెలన్నర తిరిగాను. అప్పటికి ఎం.ఏ. సోషియాలజీ అయిపోయింది. జీఆర్ఈ రాద్దామనుకున్నాను. ఇంగ్లీషు భాగం ఎలాగోలా చదువుకోగలననే ధైర్యం ఉంది. భయమంతా క్వాంట్ మీదే. పదో తరగతి తర్వాత నేను లెక్క ముట్టలేదు. ఇంటర్లో హెచ్.ఈ.సి., డిగ్రీలో బి.ఏ.

బెంజి సర్కిల్ నుంచి ఎనికేపాడు దాకా ఏ బస్సులో వెళ్లినా కిటికీలోంచి కనిపించేవి ఎంపీసీ ర్యాంకుల హోర్డింగులే. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లల్ని తెచ్చి ఈ ఊళ్లో లెక్కలు నేర్పిస్తారు. అలాంటి ఊళ్లో ఒక ఆర్ట్స్ పీజీ అమ్మాయికి శాతాలు, నిష్పత్తులు మళ్లీ మొదటి నుంచి చెప్పే మనిషి దొరకలేదు.

మొదట ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్లాను. బ్యాచ్‌లో అందరూ బీటెక్ వాళ్లే. డెమో క్లాసులో సారు నేరుగా ప్రస్తారాలు, సంయోగాలతో మొదలుపెట్టి, "బేసిక్స్ మీ అందరికీ వచ్చినట్టే కదా" అన్నారు. అందరూ తలూపారు, నేనూ ఊపాను. ఆ తలూపడానికి నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత ఒక ఇంటర్ లెక్చరర్ని కలిస్తే, "ఎంపీసీ వాళ్లకే టైము చాలడం లేదమ్మా" అన్నారు. అది నిజమే, తప్పుపట్టను. మూడో ఆయన ఇంటి దగ్గర ట్యూషన్ చెప్పేవారు. వరండాలో కూర్చోబెట్టి ఏ ఊరని అడిగారు. ఊళ్లో ఎటువైపు అన్నారు. ఆ తర్వాత ఇంటిపేరు అడిగారు. చివరికి, "మీకు రిజర్వేషన్ ఉంటుంది కదమ్మా, లెక్కలతో అంత పనేముంది?" అన్నారు. జీఆర్ఈలో రిజర్వేషన్ ఉండదని చెప్పాను. ఫోన్ చేస్తానన్నారు, చేయలేదు.

కాదన్న మనిషి ఎవరూ లేరు, చెప్పిన మనిషి కూడా ఎవరూ లేరు. ఇందులో నా ఒక్కదాని దురదృష్టమేమీ లేదని చాలా ఆలస్యంగా అర్థమైంది. మంచి ట్యూటర్ సమాచారం ఎప్పుడూ బోర్డు మీద ఉండదు, తెలిసినవాళ్ల ద్వారా వస్తుంది. బాబాయి కొడుకు, అపార్టుమెంటులో పై ఫ్లోరు ఆంటీ, నాన్న కొలీగు: ఈ దారుల్లో నడుస్తుంది. తొలితరం విద్యార్థికి ఆ బాబాయి కొడుకు ఉండడు. పుస్తకం కొనుక్కోవచ్చు, వీడియో ఉచితంగా చూడొచ్చు. మన తప్పు ఎక్కడుందో మన పక్కన కూర్చుని చూసే మనిషి మాత్రం కులం గీసిన పరిచయాల లోపలే దొరుకుతాడు.

అంబేడ్కర్ జీవితచరిత్రలో ఒక ఘట్టం చాలామందికి తెలుసు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో మాస్టారు ఆయన్ని బోర్డు మీద లెక్క చేయమని పిలిచారు. క్లాసంతా గోల చేసింది. మిగతా పిల్లల అన్నం డబ్బాలు ఆ బోర్డు వెనకే ఉన్నాయి. అవి తీసేశాకే ఆయన బోర్డు దగ్గరికి వెళ్లగలిగారు. ఆయనకు లెక్క రాదని ఎవరూ అనలేదు, బోర్డు దాకా వెళ్లడమే సమస్యయింది. ఆ అబ్బాయే తర్వాత కొలంబియా వెళ్లాడు. ఇప్పుడు మన స్వరాజ్య మైదానంలో 125 అడుగుల విగ్రహమై నిలబడ్డాడు.

ఇక పరీక్ష సంగతి. భయంలో సగం పరీక్ష ఏమిటో తెలియక వచ్చేదే.

2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈని కుదించారు. ఇప్పుడు మొత్తం పరీక్ష రెండు గంటల్లోపే. క్వాంట్ రెండు భాగాలు: మొదటి దాంట్లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దాంట్లో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. స్కోరు 130 నుంచి 170 మధ్య ఉంటుంది. తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, దత్తాంశ విశ్లేషణ, అంతే. త్రికోణమితి లేదు, కలన గణితం లేదు. అంటే దాదాపు అంతా మనం పదో తరగతి దాకా చదివిందే, చదవకుండా వదిలేసింది కూడా అందులోనే ఉంటుంది.

మన రాష్ట్రంలో ఎంబీఏ, ఎంసీఏల కోసం రాసే ఐసెట్ వేరే రకం. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. ఏపీ ఐసెట్‌లో గణితానికి 55, విశ్లేషణ సామర్థ్యానికి 75. ఆ 75లో కూడా లెక్కలే ఎక్కువ. కమ్యూనికేషన్ భాగం తప్ప మిగతాది తెలుగులోనూ ఉంటుంది. నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 25 శాతం మార్కులు రావాలి, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస నిబంధన లేదు. "అర్హత వచ్చేస్తుంది కదా" అని మనవాళ్లు లెక్కల భాగం వదిలేయడం చాలాసార్లు చూశాను. కానీ మంచి కాలేజీలో సీటు ర్యాంకు మీద వస్తుంది. క్యాట్‌లో క్వాంట్ 22 ప్రశ్నలు, 40 నిమిషాలు. అక్కడ ఆప్షన్లున్న ప్రశ్నకు తప్పు జవాబు పెడితే ఒక మార్కు పోతుంది.

జీఆర్ఈ లెక్క కష్టంగా ఉండదు, తిరకాసుగా ఉంటుంది. ఒక నమూనా చెప్తాను. ఎక్స్ అనేది సున్నా కంటే పెద్ద సంఖ్య. ఎక్స్ వర్గం పెద్దదా, ఎక్స్ పెద్దదా? చాలామంది వర్గమే పెద్దదంటారు. ఎక్స్ 2 అయితే వర్గం 4, నిజమే. 1 అయితే రెండూ సమానం. అరో? వర్గం పావు అవుతుంది, చిన్నదైపోతుంది. కాబట్టి జవాబు "చెప్పలేం". సూత్రం బట్టీపట్టి లెక్క చేయడమే చదువని నేర్పిన బడుల నుంచి వచ్చినవాళ్లకు, "చెప్పలేం" కూడా సరైన జవాబు కావచ్చని నమ్మడానికే వారం పడుతుంది. నాకు పట్టింది.

రెండో అడ్డం భాష. నేను పది దాకా తెలుగు మీడియం. క.సా.గు. వచ్చు, "ఎల్‌సీఎం" అంటే తడబడేదాన్ని. శేషం తెలుసు, "రిమైండర్" తెలియదు. మధ్యగతం, బాహుళకం తెలుసు, "మీడియన్", "మోడ్" కొత్త. మన పుస్తకాల్లో పూర్ణాంకాలు వేరు, పూర్ణసంఖ్యలు వేరు: మొదటి వాటిలో రుణ సంఖ్యలు లేవు, రెండో వాటిలో ఉన్నాయి. పరీక్షలో "ఇంటిజర్" అని వస్తే అది పూర్ణసంఖ్య. ఈ ఒక్క మాట దగ్గర నేను మొదటి నమూనా పరీక్షలో నాలుగు ప్రశ్నలు పోగొట్టుకున్నాను. "అట్‌లీస్ట్", "నాన్ నెగెటివ్", "డిస్టింక్ట్" లాంటి మాటలు ఇంకో రకం ఉచ్చులు. మనకు కావలసింది ఇంగ్లీషు బాగా మాట్లాడే సారు కాదు, క.సా.గు. కూడా తెలిసిన సారు.

నాకు చివరికి దొరికిన మనిషి రైల్వేలో పనిచేసే ఒక అన్న, మా ఊరివాళ్లకు దూరపు చుట్టం. సింగ్ నగర్‌లో రెండు గదుల ఇల్లు. జీఆర్ఈ పేరు ఆయన వినలేదు. కానీ తెలుగు మీడియంలో చదివి, పోటీపరీక్షల అంకగణితం సొంతంగా నేర్చుకుని, మూడోసారికి రైల్వే ఉద్యోగం కొట్టాడు. నేను ప్రశ్న చదివి వినిపిస్తే, "అదా చెల్లెమ్మా, ఇది మన వడ్డీ లెక్కే" అనేవాడు.

నిజంగానే వడ్డీ లెక్కతోనే మొదలుపెట్టాడు. మా అమ్మ బడికి వెళ్లలేదు. కానీ యాభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఎనిమిది నెలలకు పన్నెండు వేలని వేళ్ల మీద చెప్తుంది. నూటికి మూడు అంటే నెలకు 3 శాతం, ఏడాదికి 36. చక్రవడ్డీ కూడా మన ఇళ్లకు కొత్తది కాదు. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలం చెల్లుతుంది కాబట్టి, ఆలోపు అసలు, వడ్డీ కలిపి నోటు తిరగరాయిస్తారు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే మూడేళ్లకు 1,72,000. ఆ మొత్తం మీద తిరగరాస్తే ఇంకో మూడేళ్లకు 2,95,840. తిరగరాయకుండా బారువడ్డీయే నడిస్తే 2,44,000. ఆ 51,840 తేడా మా నాన్న ఇరవై ఏళ్లు మోసిందే. కాగితం మీద దాన్ని మొదటిసారి నా చేత్తో తీసినప్పుడు, లెక్క రావడం అంటే ఏమిటో నాకు తెలిసింది.

కాలం, పని లెక్కలూ అంతే. ఎనిమిది మంది రోజుకు ఎకరం నాట్లు వేస్తే, ఐదెకరాలు రెండు రోజుల్లో వేయడానికి ఎంతమంది కావాలి? కృష్ణా డెల్టాలో ఏ నాట్ల ముఠా మేస్త్రిని అడిగినా ఇరవై అని చెప్తుంది. ఈ జ్ఞానం మన దగ్గర లేదని కాదు, అది పరీక్ష భాషలోకి మారలేదు.

అందుకే వెతికేవాళ్లకు నేను చెప్పేది: కోచింగ్ సెంటర్ బోర్డుల కంటే ముందు మీ కాలనీలో బ్యాంకు, రైల్వే, పోలీసు పరీక్షలు పాసైనవాళ్లని చూడండి. శాతాలు, నిష్పత్తులు, సరాసరి, కాలం-దూరం వాళ్లకు వేళ్ల చివర ఉంటాయి. బీజగణితం, సంభావ్యతల దగ్గర వాళ్లు ఆగితే అప్పుడు బీటెక్ చేసిన సీనియర్ని పట్టుకోండి. ఇంటర్ లెక్చరర్లే కావాలంటే ఈఏపీసెట్ అయిపోయి కాలేజీలు తెరిచే ముందు కొన్నాళ్లు వాళ్లకు ఊపిరాడుతుంది, అప్పుడు అడగండి.

మనిషి దొరికాక మొదటి రోజే ఒక పరీక్ష పెట్టండి. మీరు తప్పు చేసిన లెక్క ఒకటి, మీ చేతిరాతతో సహా ఇవ్వండి. ఆయన మీ కాగితం పక్కనబెట్టి తన పద్ధతిలో గబగబా చేసేస్తే, ఆయనకు లెక్క వచ్చు, చెప్పడం రాదు. "ఈ మూడో వరుస దగ్గర ఏమనుకుని ఇలా రాశావు?" అని అడిగితే వదలకండి. తప్పులకు విడిగా ఒక నోటుబుక్ పెట్టండి. వారానికోసారి పాత తప్పులు మళ్లీ చేయండి. పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ రెండు నమూనా పరీక్షలు, ఒక గణిత పునశ్చరణ పుస్తకం ఉచితంగా ఇస్తుంది. కొనే మెటీరియల్ కంటే ముందు అవి పూర్తిచేయండి. ఒక నమూనా పరీక్ష మొదట్లో, రెండోది చివర్లో రాయండి. నాకు మొదట 141 వచ్చింది, అసలు పరీక్షలో 156.

అమ్మాయిలకు ఇంకో మాట. ట్యూషన్ చోటు, వేళ మీరే చెప్పండి. రాత్రి ఎనిమిదికి కృష్ణలంక గదికి ఒక్కదానివే తిరిగెళ్లాల్సిన ట్యూషన్ ఎంత మంచిదైనా రెండు వారాలకే ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి చేరితే ఖర్చూ తగ్గుతుంది, తోడూ ఉంటుంది.

డబ్బు సంగతి దాచక్కర్లేదు. జీఆర్ఈ ఫీజే 20 వేల రూపాయలకు పైన. కాబట్టి మొదట అసలు ఈ పరీక్ష అవసరమా అని చూసుకోండి. 2020 తర్వాత అమెరికాలో చాలా విభాగాలు జీఆర్ఈ అడగడం మానేశాయి. బ్రిటన్‌లో ఎక్కువ కోర్సులకు అక్కర్లేదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు కూడా కావలసింది యూనివర్సిటీ నుంచి ప్రవేశపత్రం. క్యాట్ అయితే ఎస్సీ ఎస్టీలకు సగం ఫీజు.

రైల్వే అన్న నా దగ్గర డబ్బు తీసుకోలేదు. అప్పుడు సంతోషించాను గానీ ఇప్పుడు అది సరైనదనుకోవడం లేదు. డ్యూటీ దిగి అలసిపోయి వచ్చిన మనిషి దగ్గర నాలుగు నెలలు ఊరికే నేర్చుకున్నాను. మనవాళ్ల శ్రమ మనం కూడా ఉచితమే అనుకుంటే ఎలా? ఎంతో కొంత ఇవ్వండి. ఇచ్చినప్పుడే, "ఈ పాఠం మళ్లీ చెప్పండి" అని మొహమాటం లేకుండా అడగగలరు కూడా.

మన సంఘాలు అడగాల్సింది వేరే ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీ, ఓబీసీలకు పెట్టిన ఉచిత కోచింగ్ పథకం మార్గదర్శకాల్లో జీఆర్ఈ, జీమ్యాట్, ఐఈఎల్‌టీఎస్ పేర్లు చేర్చారు. స్టడీ సర్కిళ్ల చూపు మాత్రం ఎప్పుడూ గ్రూప్స్, బ్యాంకుల మీదే. నలభై మందికి గ్రూప్స్ అంకగణితం చెప్పే గదిలోనే సాయంత్రం ఐసెట్, జీఆర్ఈ బ్యాచ్ ఒకటి నడపడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక జీవో చాలు. ధర్నాల డిమాండ్ల కాగితంలో స్కాలర్‌షిప్ బకాయిల కింద ఈ ఒక్క వాక్యం నేను ఇంతవరకూ చూడలేదు. 1917 నవంబరులో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములమన్న పేరు వదిలి ఆది ఆంధ్రులమని చెప్పుకుంది. పిల్లల చదువు అప్పుడూ మన ప్రశ్నే.

ఇప్పుడు ఆదివారాలు నేను ముగ్గురికి ఫోన్‌లో క్వాంట్ చెప్తున్నాను. సోషియాలజీ మనిషిని, సంభావ్యత దగ్గర నేనే ముందు రాత్రి కూర్చుని చదువుకోవాలి. మొన్న దివిసీమ నుంచి ఒకమ్మాయి, "అక్కా, సున్నా సరి సంఖ్యేనా?" అని అడిగింది. డిగ్రీ మూడో ఏడాది, హెచ్.ఈ.సి. నుంచే వచ్చింది. అడగడానికి మూడు వారాలు మొహమాటపడిందట. సరి సంఖ్యే, ఎందుకో నువ్వే రాసి పంపమన్నాను. రాత్రి పదకొండింటికి ఫొటో వచ్చింది. రెండుతో భాగిస్తే శేషం సున్నా అని రాసి, కింద ఇంకో ప్రశ్న పెట్టింది: "మరి మైనస్ మూడు బేసి సంఖ్యేనా అక్కా?"