పక్క కుర్చీలోని పెద్దవారు

ఇంగ్లండులోని ఈత క్లబ్బులలో 16, 17 ఏళ్ళ యువతీయువకులు కొందరు తాము ఈదుతూనే, తమకంటె చిన్నవారికి ఈత నేర్పడంలో శిక్షకులకు సాయపడుతూ ఉంటారు. పిల్లలకు కీడు జరగకుండా కాపాడడమెలాగో వారు కూడా నేర్చుకోవలసిందే. అందుకోసం జరిపే తరగతికి కొన్నిచోట్ల వారితోపాటు ఒక పెద్దవారు రావాలన్న నియమం ఉంది. తల్లి కావచ్చు, తండ్రి కావచ్చు, క్లబ్బుకు చెందిన మరొకరు కావచ్చు. నేర్చుకోవలసింది పిల్లలైనప్పుడు పక్క కుర్చీలో ఈ పెద్దవారికి పనేమిటి?

దీనికి సమాధానం ఒక చేదు చరిత్రలో ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బ్రిటిష్ ఈతగాళ్ళకు శిక్షకుడైన పాల్ హిక్సన్‌కు, తన వద్ద నేర్చుకునే బాలికలపై జరిపిన లైంగిక నేరాలకుగాను 1995లో 17 సంవత్సరాల జైలుశిక్ష పడింది. దేశం నివ్వెరపోయింది. 2001లో క్రీడారంగంలో బాలల రక్షణకై ప్రత్యేక విభాగమొకటి వెలిసింది. 2016 నవంబరులో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు బాల్యంలో తన శిక్షకుని చేతిలో తాను పడిన బాధను బయటపెట్టాడు. ఆ ఒక్క గొంతు విని వందలాదిమంది నోరు విప్పారు. ఇన్నేళ్ళూ వారంతా ఎందుకు మౌనంగా ఉన్నారు? 1970 నుంచి 2005 వరకు ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో జరిగినదానిపై 2021లో వెలువడిన విచారణ నివేదిక, ఫిర్యాదు అందిన సందర్భాలలో కూడా క్లబ్బుల పెద్దలు తగిన విధంగా స్పందించడం అరుదని తేల్చింది. చెప్పినా వినేవారు లేనిచోట పిల్లలు చెప్పడం మానుకుంటారు.

పక్క కుర్చీ ఆ వినేవారి కోసమే. ఉత్సాహంగా ఆడే పిల్ల హఠాత్తుగా ఆటకు ముఖం చాటేయడం, ఒకే వ్యక్తిని చూసి బెదరడం వంటి సూచనలను తరగతిలో వివరిస్తారు. చిన్నవారిని కాపాడడానికి నేర్చుకుంటున్న ఆ మాటలలో, వింటున్న పదహారేళ్ళ పిల్లకు తన కథే కనిపించవచ్చు. ఆమె తల వంచుకొని గదిలోనుంచి లేచి వెళితే, వెంట వెళ్ళవలసినది ఆ పెద్దవారే.

అయితే వెంట వెళ్ళడం వేరు, వెంటపడి అడగడం వేరు. పిల్ల చెప్పినంతవరకు ఓపికగా వినాలి. గుచ్చి గుచ్చి ప్రశ్నించకూడదు. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు. ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకుంటే పిల్ల రక్షణ దెబ్బతింటుంది. విన్నది విన్నట్టు రాసుకొని క్లబ్బులోని సంక్షేమాధికారికి తెలపాలి. అపాయం ఎదురుగా ఉంటే పోలీసులకు చెప్పాలి. తరగతిలో అడిగిన ప్రశ్నలకు పిల్లల తరఫున తాము జవాబివ్వడం కూడా తగదు. పిల్లలను భయపెట్టేది ఆ తోడు వచ్చినవారే అయితే? అందుకే, విడిగా మాట్లాడదలచినవారు ఎవరిని కలవాలో తరగతి మొదట్లోనే అందరికీ చెప్పడం మంచిది.

చిన్నవారికి నేర్పుతున్నంతమాత్రాన పదహారేళ్ళవారు పెద్దవారైపోరు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2022లో సవరించిన చట్టం ప్రకారం, శిక్షకుడు తన వద్ద నేర్చుకునే 16, 17 ఏళ్ళవారితో, వారు సమ్మతించినా సరే, లైంగిక సంబంధం పెట్టుకోవడం నేరం.

మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళు నిండనివారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు తెలపకపోవడాన్ని శిక్షార్హం చేస్తుంది. బాలల సహాయం కోసం 1098 నంబరు ఉంది. పోటీలకోసం పిల్లలు శిక్షకుల వెంట రైలెక్కి పరాయి ఊళ్ళలో రాత్రులు గడపడం ఇక్కడా మామూలే. చట్టం కాగితం మీద ఉంటుంది. టెలిఫోను ఎక్కడో ఉంటుంది. పిల్ల నోట మొదటి మాట వచ్చే క్షణాన దగ్గర ఉండేది మాత్రం పక్కన కూర్చున్న మనిషే.